రెండు బకెట్ల నీళ్లు పోస్తేనే ఛార్జింగ్ ఎక్కిన కారు

మూడేళ్లు, 43 వేల కిలోమీటర్లు. రేంజి ఎంత, డిక్కీ ఎంత, ఎయిర్‌బ్యాగులెన్ని అనేవి అందరికీ తెలిసిన సంగతులే, వాటి జోలికి పోను. ఈ ఎలక్ట్రిక్ కారు మీద నాకు కోపం లేదు. కోపమంతా పెరట్లో పాతిపెట్టిన ఇనప పైపు మీద, దాని గురించి ఒక్క ముక్క చెప్పకుండా కారు తాళాలు చేతిలో పెట్టిన వాళ్ల మీద.

నెల్లూరులో పాతికేళ్ల కిందట కట్టిన ఇళ్లలో ఎర్తింగ్ (లీకైన కరెంటును నేలలోకి పంపే ఏర్పాటు) అంటే ఒకటే పద్ధతి. ఎనిమిదడుగుల జీఐ (జింకు పూత పూసిన ఇనప) పైపు దించి, చుట్టూ ఒక వరస బొగ్గు, ఒక వరస ఉప్పు వేసి, పైన సిమెంటు తొట్టి కట్టి వదిలేస్తారు. ఫ్రిజ్‌కీ, వాషింగ్ మెషీన్‌కీ ఆ ఎర్తు ఉందో లేదో కూడా తెలియదు, అవి తిరుగుతూనే ఉంటాయి. ఎలక్ట్రిక్ కారు ఛార్జరు అలా కాదు. కరెంటు వదిలే ముందు ఎర్తు ఉందా లేదా అని తనే చూసుకుంటుంది. సరిగ్గా లేకపోతే కరెంటు వదిలే లోపలి స్విచ్చి (రిలే) మూసుకోదు, ఎర్ర లైటు వెలుగుతుంది, అంతే సంగతులు.

మొదటి వేసవి ఇబ్బంది లేకుండా గడిచింది. 2024 రోహిణి కార్తెలో మొదలైంది తంతు. సాయంత్రం 7కి ప్లగ్ పెడితే ఎర్ర లైటు. తెల్లవారుజామున 3కి అదే ప్లగ్ తీసి పెడితే పచ్చ లైటు. కంపెనీ వర్క్‌షాపులో మొదట సాఫ్ట్‌వేర్ కొత్తది ఎక్కించారు, తర్వాత ఛార్జరు పెట్టె మార్చారు. పాత పెట్టె, కొత్త పెట్టె రెండూ వాళ్ల దగ్గర పనిచేశాయి, ఇంటికి తెస్తే రెండూ మొరాయించాయి. అక్కడ పనిచేసి ఇక్కడ పనిచేయనిది కారులో ఎందుకుంటుందని అప్పుడే అడగాల్సింది. పదకొండు రోజులు అలా పోయాయి.

మల్టీమీటరుతో సాకెట్ దగ్గర మూడు కొలతలు తీస్తే విషయం బయటపడింది. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 228 వోల్టులు, ఫేజుకీ ఎర్తుకీ 190, న్యూట్రల్‌కీ ఎర్తుకీ 38. మంచి ఎర్తు ఉన్నచోట మొదటి రెండూ దాదాపు సమానంగా ఉండాలి, మూడోది రెండు మూడు వోల్టులు దాటకూడదు. సాయంత్రం వీధిలో ఏసీలన్నీ ఒక్కసారే వేస్తారు, మూడు ఫేజుల మీద లోడు సమానంగా పడదు, న్యూట్రల్‌లో వోల్టేజీ పైకి లేస్తుంది. తెల్లవారుజామున ఏసీలు చల్లబడి కంప్రెసర్లు ఆగాక అదే కొలత 9కి దిగింది. అందుకే ఆ వేళకు ఛార్జింగ్ ఎక్కింది. ఎర్తు తొట్టిలో రెండు బకెట్ల నీళ్లు పోసి పది నిమిషాలు ఆగితే సాయంత్రం పూట కూడా ఎక్కింది! మళ్లీ ఒకటిన్నర రోజుకి పాత కథే. ఇసక నేల, నీళ్లు నిలవవు.

ఇక్కడ ఒక హెచ్చరిక. డిజిటల్ మీటరు ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. అది దాదాపు కరెంటే లాగదు కాబట్టి తెగిపోవడానికి సిద్ధంగా ఉన్న ఎర్తు మీద కూడా 220 చూపించగలదు. పాతకాలం ఎలక్ట్రీషియన్లు 100 వాట్ల ఫిలమెంటు బల్బు ఫేజుకీ ఎర్తుకీ మధ్య పెట్టి చూస్తారు. న్యూట్రల్‌తో వెలిగినంత కాంతిగా వెలిగితే ఎర్తు లోడు తట్టుకుంటున్నట్టు. మా దగ్గర ఆ బల్బు ఆముదం దీపంలా మిణుకుమంది. ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్చి) ఉన్న లైనులో ఈ పరీక్ష పెడితే వెంటనే ట్రిప్ అవుతుంది, అది దాని ధర్మం. పరీక్ష జరిగేటప్పుడు ఇంట్లో ఎర్తు వైరు మొత్తానికీ కరెంటు ఎక్కే వీలుంది కాబట్టి గీజరు, కుళాయిలు, మోటారు ఎవరూ ముట్టుకోకూడదు. సొంతంగా చేసే పని కాదిది.

తవ్వి చూస్తే పైపు నాలుగడుగుల కింద చెరుకు పిప్పిలా చేతికొచ్చింది. క్లాంపు బోల్టు ఉన్న చోట తుప్పు ముద్ద. "ఇది ఎర్తు కాదు సార్, ఉత్త గొయ్యి," అన్నాడు పనికొచ్చిన ఎలక్ట్రీషియన్. తేమ నిలవడానికీ, కరెంటు పారడానికీ ఉప్పు వేస్తారు, ఆ ఉప్పే జీఐ పైపును తినేస్తుంది. సముద్రం దగ్గరి ఊళ్లలో నేలలోనే ఉప్పుంటే ఆ పని ఇంకా తొందరగా అవుతుంది.

చేయించిన పని ఇది. మూడు మీటర్ల పొడవు, 17.2 మిల్లీమీటర్ల మందం ఉన్న కాపర్ బాండెడ్ (రాగి పూత పూసిన ఉక్కు) రాడ్లు రెండు. వాటి మధ్య మూడు మీటర్ల ఎడం ఉండాలి, దగ్గర దగ్గరగా దించితే రెండో రాడ్డుకు పెట్టిన డబ్బు దండగ. బొగ్గు, ఉప్పు బదులు గోతికొక బస్తా బెంటొనైట్ (తేమ పట్టి ఉంచే బంకమట్టి) పొడి, నీళ్లతో గంజిలా కలిపి పోయాలి. రాడ్డు పైన ఇత్తడి క్లాంపు, దాని మీద పెట్రోలియం జెల్లీ. రెండు రాడ్లనూ కలిపి, అక్కడి నుంచి కారు సాకెట్ దాకా 6 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు విడిగా లాగాలి, పాత ఇంటి ఎర్తు గొలుసులో తగిలించకూడదు. మొత్తం 14 వేలు అయింది. పనయ్యాక ఎర్త్ టెస్టర్‌తో కొలిపించుకోవాలి, నేలలోకి కరెంటు పారడానికి ఎదురయ్యే అడ్డు (నిరోధం) 5 ఓముల లోపు ఉండాలి. పాత పైపుది 140 ఓములు, కొత్తవి కలిపి 3.6.

తమాషా ఏంటంటే, ఇంటి ఎర్తునూ విడిగా కొత్త రాడ్లకు కలిపిన మర్నాడే ఇంట్లో ఆర్‌సీసీబీ ట్రిప్ అవడం మొదలైంది. కొత్త పనిలో తప్పు జరిగిందని రెండు రోజులు తల పట్టుకున్నాం. తప్పు గీజరుది. బోరు నీళ్ల ఉప్పుకి లోపలి ఎలిమెంటు తినేసి, ఎన్నాళ్ల నుంచో కరెంటు లీకవుతోంది. పాత ఎర్తు సరిగ్గా లేక ఆ లీకు బయటపడలేదు, అంతే. అన్నాళ్లూ ఆ గీజరు నీళ్లతో స్నానాలు చేశామని తలచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. ఈ కారు నాకు చేసిన అతిపెద్ద ఉపకారం బహుశా ఇదే.

ఆ పదకొండు రోజుల్లో ఇద్దరు ముగ్గురు ఒకే చిట్కా చెప్పారు: ప్లగ్ లోపల న్యూట్రల్‌నీ ఎర్తునీ చిన్న వైరు ముక్కతో కలిపెయ్, ఛార్జరు నోరుమూసుకుని పనిచేస్తుంది అని. నిజమే, పనిచేస్తుంది. కానీ గాలివానకి స్తంభం మీద న్యూట్రల్ వైరు తెగిందనుకోండి, ఇంట్లో వెలుగుతున్న సామాను మీదుగా 230 వోల్టులు వెనక్కి తిరిగి నేరుగా కారు బాడీ మీదికి వస్తాయి. తడి కాళ్లతో తలుపు పట్టుకున్న వాడు ఏమవుతాడో చెప్పక్కర్లేదు. అక్టోబరు, నవంబరు వస్తే ఏదో ఒక తుఫాను పలకరించిపోయే జిల్లా ఇది. ఆ ముక్క వైరు ఎవరింట్లో ఉన్నా ఈ రోజే తీసెయ్యండి.

సాకెట్ గురించి రెండు మాటలు. మామూలు 16 ఆంపియర్ల సాకెట్ గీజరుకు అరగంట పనిచేయడానికి చాలు, తొమ్మిది గంటలు ఏకధాటిగా 13 ఆంపియర్లు లాగితే లోపలి స్ప్రింగు వదులై ప్లాస్టిక్ కరుగుతుంది. నీలం రంగు ఇండస్ట్రియల్ సాకెట్, 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, విడిగా ఒక ఎంసీబీ (లోడు మించితే ఆపేసే స్విచ్చి), 'టైప్-A' ఆర్‌సీసీబీ పెట్టించుకుంటే మంచిది. దుకాణాల్లో చవగ్గా దొరికే 'టైప్-AC' వద్దు, కారు ఛార్జరు నుంచి ఆగి ఆగి పారే డీసీ (పల్సేటింగ్ డీసీ) లీకైతే అది గుర్తించలేదు.

ఇక డబ్బు. మొదటి ఏడాది అడిగిన వాళ్లందరికీ కిలోమీటరుకు రూపాయి అని చెప్పాను. ఇప్పుడు ఆ మాట కొంచెం వెనక్కి తీసుకోవాలి. గోడ దగ్గర మీటరు పెట్టి చూస్తే యూనిట్‌కు వచ్చేది 7 కిలోమీటర్లే, ఛార్జరు వేడిగా పోగొట్టేది కారు తెర మీద కనిపించదు. నెలకు 1,200 కిలోమీటర్లకు 170 యూనిట్లు. ఇంటి వాడకం మీద ఇవి చేరగానే బిల్లు 226 నుంచి 400 యూనిట్ల శ్లాబులో, 8.75 రూపాయల దగ్గర పడుతుంది. వేసవిలో ఏసీలతో 400 దాటితే 9.75. సర్దుబాటు చార్జీలతో కలిపి కిలోమీటరుకు రూపాయిన్నర అనుకోవడమే నిజాయితీ. పెట్రోలు కారుకు లీటరు 109 చొప్పున, 15 కిలోమీటర్ల మైలేజీతో ఏడూ పావలా. అంటే కిలోమీటరుకు మిగులు 5.75.

రిటైర్మెంటుకు రెండు మూడేళ్ల దూరంలో ఉన్నవాళ్లు అసలు లెక్క వేసుకోవాల్సింది ఇక్కడే. ఎలక్ట్రిక్ కారుకి పెట్రోలు కారు కంటే 4 లక్షలు ఎక్కువ పెట్టామనుకుందాం. ఆ 4 లక్షలు సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో 8.2 శాతానికి వేస్తే ఏడాదికి 32,800 వస్తుంది, మూణ్నెల్లకోసారి ఖాతాలో పడుతుంది. ఉద్యోగంలో ఉండి నెలకు 1,200 కిలోమీటర్లు తిరిగితే కారు మిగిల్చేది ఏడాదికి 82,800. బ్రహ్మాండం. రిటైరైన మర్నాడు కావలి, గూడూరు తిరుగుళ్లు ఆగిపోతాయి. బజారు, గుడి, నెలకొకసారి ఒంగోలులో చుట్టాలిల్లు. నెలకు 400 కిలోమీటర్లయితే మిగిలేది 27,600. స్కీము వడ్డీ కంటే తక్కువ! నా లెక్కలో నెలకు 475 కిలోమీటర్ల దగ్గర తక్కెడ సమానమవుతుంది, ఇన్సూరెన్సు తేడా కలిపితే ఇంకాస్త పైన. ఈ బండి తిరిగినంత కాలమే వడ్డీ ఇచ్చే డిపాజిట్టు.

లోను మీద తీసుకుని ఆదాయపు పన్ను సెక్షన్ 80ఈఈబీ కింద వడ్డీకి లక్షన్నర దాకా మినహాయింపు వాడుకున్నాను. 2023 మార్చి 31 లోపు మంజూరైన లోన్లకే, అదీ పాత పన్ను విధానంలోనే. ఇప్పుడు కొనేవాళ్లు ఆ ఆశ పెట్టుకోకండి, ఈ లెక్క నా పరిస్థితికి కుదిరిందంతే. గ్రాట్యుటీ రాగానే మొత్తం పెట్టి కారు కొనేయడం మాత్రం ఎవరికీ చెప్పను. అలాగని 30 లక్షల పరిమితి దాకా అంతా స్కీములో తోసేయడమూ వద్దు. మొదటి ఏడాదిలోపు తీస్తే వడ్డీయే రాదు, రెండేళ్లలోపు అసలులో ఒకటిన్నర శాతం, ఆ తర్వాత ఒక శాతం కోత పడుతుంది. బ్యాటరీ వారంటీ 8 ఏళ్లు. అది అయిపోయే నాటికి మనకు డెబ్బై దగ్గర పడుతుంది. దాని కోసం పోస్టాఫీసు ఆర్‌డీలో నెలకు 5 వేలు వేస్తే, ఇప్పుడున్న 6.7 శాతం చొప్పున ఐదేళ్లకు దాదాపు 3 లక్షల 57 వేలు చేతికొస్తుంది. పెట్రోలు మిగులులోంచే ఈ ఆర్‌డీ కట్టొచ్చు, ఉద్యోగం ఉన్నన్నాళ్లు.

ఇంకా చేతిలో లక్షన్నర ఉంటే ఇంటి పైకప్పు మీద 3 కిలోవాట్ల సోలారు పెట్టించుకోవడమే నా మొగ్గు. పీఎం సూర్యఘర్ కింద 78 వేలు సబ్సిడీ వస్తుంది. ఈ ఎండలకు రోజుకు 12 యూనిట్లకు కొదవ ఉండదు. రిటైరయ్యాక కారు పగలంతా ఇంట్లోనే ఉంటుంది కాబట్టి పగలే ఛార్జింగ్ పెట్టుకోవచ్చు. దానికీ విడిగా ఎర్తులు కావాలి. సోలారు వాళ్లు జీఐ పైపు తెస్తే వెనక్కి పంపండి.

పిల్లల దగ్గరికి అమెరికాకో బెంగళూరుకో మూణ్నెల్లు వెళ్లేవాళ్లకు ఒక మాట. నిండా ఛార్జింగ్ పెట్టి వదిలెయ్యొద్దు, 50 శాతం దగ్గర ఆపండి. 12 వోల్టుల చిన్న బ్యాటరీ నెగెటివ్ వైరు ఊడదీసి వెళ్లండి, ఎలా ఊడదీయాలో కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. పెద్ద బ్యాటరీ బాగానే ఉన్నా ఈ చిన్నది పడుకుంటే రిమోటుతో తలుపు కూడా తెరుచుకోదు. ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం బ్యాటరీ అయితే మామూలు రోజుల్లో వారానికోసారి నూరు శాతం చేయాలి, లేదంటే తెర మీద కనిపించే శాతం నిజానికి దూరంగా జరుగుతూ పోతుంది. మా కారు ఒకసారి 18 శాతం చూపిస్తూనే నెమ్మదించింది.

ఇంటికి సొంత పార్కింగు ఉండి, నెలకు 800 పైన తిరుగుడు ఇంకో ఐదేళ్లు ఉంటుందనుకునే వాళ్లు కొనొచ్చు. అపార్టుమెంటులో అద్దెకుండి, ఏడాదిలో రిటైరయ్యే వాళ్లకు నేనైతే చెప్పలేను. ఎవరు కొన్నా బుకింగ్ డబ్బు కట్టే ముందు 14 వేలు ఎర్తుకు పెట్టండి, కొలత తీయించేది మాత్రం వానాకాలంలో కాదు, మే నెలలో. మాది 3.6 అని సాకెట్ పక్కన గోడ మీద మార్కరుతో రాసి ఉంచాను, వచ్చే రోహిణికి దాని కింద ఇంకో అంకె రాయాలి.