కారుకీ ఇంటికీ ఒకే శాటిలైట్ రేడియో: డాక్ సెట్టా, బ్యాటరీ సెట్టా?

అమెరికాలో సిరియస్ ఎక్స్ఎమ్ అనే చందా శాటిలైట్ రేడియో వినడానికి డాక్ సెట్టే, అంటే స్టాండులో (డాక్‌లో) పెట్టి వాడే సెట్టే నయం. ఆనిక్స్ ప్లస్ లాంటిది కారు డాక్‌లోంచి తీసి ఇంటి డాక్‌లో పెడితే చాలు. చందా రేడియో ఐడీ మీద, అంటే ఆ సెట్‌కుండే నంబరు మీద ఉంటుంది కాబట్టి రెండోది కట్టక్కర్లేదు. ఇంటి డాక్, యాంటెనా మాత్రం విడిగా కొనాలి.

బ్యాటరీ సెట్, ఉదాహరణకు లింక్స్, నడకకి హాయి. కానీ పాతబడింది, ఇప్పుడు సెకండ్‌హ్యాండ్‌లోనే దొరుకుతుంది. బ్యాటరీ ఉబ్బిందేమో చూసుకోండి.

ఏది కొన్నా అసలు తంటా యాంటెనాతోనే. కారులో అయస్కాంతం దిమ్మెను ఇనుప టాప్ మీద, చుట్టూ కనీసం 3 అంగుళాల లోహం ఉండేలా పెట్టాలి. అల్యూమినియం, గాజు టాప్‌కి అది అంటుకోదు. ఇంట్లో దక్షిణం కిటికీ దగ్గర, ఆకాశం కనిపించేలా పెట్టండి. ఎదురుగా చెట్టుంటే పాట తెగుతూ ఉంటుంది.

కారు స్టీరియోకి ఆక్స్ (బయటి సెట్‌ని కేబుల్‌తో కలిపే రంధ్రం) ఉంటే కేబులే వాడండి. సెట్ నుంచి పాటను ఎఫ్ఎమ్ మీద స్టీరియోకి పంపితే, నగరంలో ఖాళీ ఎఫ్ఎమ్ ఫ్రీక్వెన్సీ దొరక్క గరగరలాడుతుంది. కొత్త డాక్‌కి 5 వోల్టుల అడాప్టరే పెట్టాలి, పాత 12 వోల్టులది పెడితే సెట్ కాలిపోవచ్చు. ఇండియాకి తెచ్చుకుంటే మాత్రం సిగ్నల్ అందక మూగబొమ్మే.