పక్కింటితో కలిసిన గ్యారేజ్ ఉన్న ఇల్లు కొంటున్నారా? వాల్యుయేషన్ రిపోర్ట్ ఒక్కటే నమ్మకండి

ఫ్రెండ్స్, ఇల్లు కొనే పనిలో ఉన్నవాళ్లు కాస్త ఓపిగ్గా చదవండి, ముఖ్యంగా మీరు చూసిన ఇంటి గ్యారేజ్ పక్కింటి హద్దుకి ఆనుకుని ఉంటే. పేర్లు చెప్పట్లేదు, అడ్వాన్స్ గొడవ ఇంకా నడుస్తోంది.

ప్రకటనలో 2 కార్ల గ్యారేజ్ అని ఉంది. వెళ్లి చూస్తే నిజంగానే 2 కార్లు లోపల పెట్టి ఉన్నాయి, రెండూ అమ్మేవాళ్లవే. బ్యాంక్ పంపిన వాల్యుయర్ వచ్చాడు, కొలిచాడు, ఫోటోలు తీసుకున్నాడు, 'విడి గ్యారేజ్, 2 కార్లు, కండిషన్ బాగుంది' అని రాసి మేం ఒప్పుకున్న రేటుకి సరిగ్గా సరిపోయేలా విలువ వేశాడు. అడ్వాన్స్ కట్టాం. ఆ తర్వాత సర్వేయర్ ప్లాన్ చేతికొస్తే హద్దు గీత గ్యారేజ్ మధ్యలోంచి పోతోంది! సగం పక్కింటాయనది, ఆయనకి కారు లేదు కాబట్టి వీళ్లు రెండు వైపులా వాడేసుకుంటున్నారు, అంతే. రాతపూర్వకంగా ఒక్క ముక్క లేదు.

వాల్యుయర్‌ని అడిగితే రిపోర్ట్ చివరి పేజీలో చిన్న అక్షరాలు చూపించాడు, టైటిల్ (ఆస్తి మీద యాజమాన్య హక్కు) సక్రమంగా ఉందనుకునే విలువ కట్టాం అని. ఇది ఆయనొక్కడి తెలివి కాదు, మామూలుగా ఈ రిపోర్టుల్లో ఇలాంటి షరతు ఉంటుంది. లాయరేమో కాగితాలు చూస్తాడు తప్ప సైట్‌కి రాడు, కాగితాల్లో గ్యారేజ్ ఊసే లేదు. సర్వేయర్ గీత గీసిస్తాడు, దానివల్ల రేటెంత తగ్గాలో ఆయన పని కాదు. ముగ్గురికీ ఫీజులు కట్టాం, ముగ్గురూ మా పని మేం చేశాం అంటారు, గ్యారేజ్ ఎవరిదో మాత్రం ఎవరూ తేల్చలేదు. ఏజెంట్ అయితే మరీ, "ఎన్నాళ్లనుంచో ఇలాగే వాడుతున్నారండీ, ఎవరూ ఏమీ అనలేదు" అన్నాడు. ఎవరూ ఏమీ అనకపోతే అది మన హక్కయిపోతుందా? పక్కాయన రేపు ఇల్లు అమ్మేస్తే కొత్తగా వచ్చినవాళ్లు వాళ్ల సగానికి అడ్డుగోడ కట్టుకోవచ్చు, అప్పుడు మనం 2 కార్లకి కట్టిన డబ్బుకి ఒక్క కారు చోటు మిగుల్తుంది, ముందు ఉన్న దారి కూడా కలిసిందే అయితే ఆ ఒక్క కారు తిప్పడం కూడా కష్టమే.

ఇంకోటి, కలిసిన గ్యారేజ్ అంటే అన్నీ ఒకటే రకం కాదు. హద్దు మీద కట్టి ఎవరి సగం వాళ్లదైతే ఒక లెక్క. మొత్తం పక్కింటి స్థలంలో ఉండి మనకి వాడుకునే హక్కు మాత్రమే ఉంటే ఇంకో లెక్క. మన స్థలంలోనే ఉండి పక్కవాళ్లకి అందులో హక్కు ఉంటే అది మనకి భారం. వీటిలో కూడా ఆ హక్కు రిజిస్టర్ అయిన ఈజ్‌మెంటా (అంటే పక్కవాళ్ల స్థలాన్ని వాడుకోవడానికి చట్టబద్ధంగా ఉండే హక్కు) లేక నోటిమాట పర్మిషనా అన్నదే అసలు పాయింట్, ఎందుకంటే మొదటిది సాధారణంగా స్థలంతో పాటు కొన్నవాళ్లకి వస్తుంది, రెండోది మనిషికిచ్చింది, ఇల్లు చేతులు మారితే నిలబడుతుందని గ్యారంటీ లేదు.

విలువ దగ్గరకొస్తే, గ్యారేజ్ కట్టడానికయ్యే ఖర్చులో సగం తీసేసి సరిపెట్టడం కరెక్ట్ కాదు. ఇలాంటి కలిసిన గ్యారేజ్ ఉన్న ఇళ్లు చుట్టుపక్కల ఎంతకి అమ్ముడయ్యాయో చూడాలి, కొనేవాళ్లు నిజంగా ఎంత తగ్గించి ఇస్తున్నారన్నదే లెక్క. ఆ ఏరియాలో చాలా ఇళ్లకి ఇలాగే ఉంటే పెద్ద తేడా రాకపోవచ్చు, ఉన్నది ఇదొక్కటే అయితే బాగా దెబ్బ. మా రిపోర్ట్‌లో పోల్చిన ఇళ్లన్నీ సొంత గ్యారేజ్ ఉన్నవే! బ్యాంక్ ఇంకో వాల్యుయర్‌ని పంపితే విలువ పడిపోయింది, దాంతో లోన్ తగ్గించారు, ఆ తేడా చేతి నుంచి పెట్టమన్నారు, మేం వద్దనుకుని బయటికొచ్చేశాం.

గ్యారేజ్ ఒప్పందం కాగితం ఉందని చూపించినా పూర్తిగా చదవండి బాబూ. పైకప్పు కారితే ఖర్చు ఎవరిది, ఒకళ్లు తమ సగం పడగొడతామంటే రెండో సగం నిలబడేదెలా, కరెంట్ ఎవరి మీటర్ నుంచి వస్తోంది, మధ్య గోడ ఉందా, అది నిప్పు అటు నుంచి ఇటు రాకుండా ఆపే గోడేనా, ఇన్సూరెన్స్ వాళ్లకి ఈ సంగతి చెప్పారా. చాలామంది అసలు అడగనిది పక్కింటి లోన్ గురించి. ఆయన ఇల్లు బ్యాంకులో తాకట్టు పెట్టాక ఈ ఒప్పందం రాసుకుని ఉంటే, ఆయన కట్టలేక బ్యాంక్ ఇల్లు వేలం వేసినప్పుడు మన ఒప్పందం ఎగిరిపోయే ప్రమాదం ఉంది, కాబట్టి ఆ బ్యాంక్ సమ్మతి తీసుకున్నారో లేదో లాయర్‌తో చూపించుకోండి.

అడ్వాన్స్ కట్టకముందే సర్వే చేయించి, ఆ ప్లాన్, గ్యారేజ్ ఒప్పందం రెండూ వాల్యుయర్ చేతిలో పడేలా చూడండి, బ్యాంక్ నేరుగా మాట్లాడనివ్వకపోతే బ్యాంక్ ద్వారానే పంపండి. గ్యారేజ్‌లో మన వాటా ఎంత అని తీసుకుని విలువ కట్టారో రిపోర్ట్‌లో రాయమని మెయిల్‌లో అడగండి, ఫోన్‌లో చెప్పినవి తర్వాత ఎవరికీ గుర్తుండవు.