పాత రూటింగా, ఎస్‌డీఎన్ కంట్రోలరా: కాలేజీ క్యాంపస్‌కు ఏది మేలు?

ఎంటెక్ పిల్లలు ప్రాజెక్టు టాపిక్ కోసం ల్యాబు చుట్టూ తిరిగే రోజులివి. ఎస్‌డీఎన్ (సాఫ్ట్‌వేర్ డిఫైన్డ్ నెట్‌వర్కింగ్) అంటే, స్విచ్చులన్నింటికీ కంట్రోలర్ అనే ఒక సాఫ్ట్‌వేరే దారి చెప్పే పద్ధతి అంటే, అందరికీ మోజే. మొన్న ఒకమ్మాయి మాత్రం అడ్డంగా అడిగింది: "సార్, అంత మంచిదైతే మన కాలేజీ నెట్‌వర్క్ ఇంకా ఓఎస్‌పీఎఫ్ మీదనే ఎందుకు నడుస్తుంది?" ఓఎస్‌పీఎఫ్ అంటే రూటర్లు దారులు తామే వెతుక్కునే పాత పద్ధతి.

హన్మకొండ పిల్లలకు చెరువుల లెక్కన చెబితే తొందరగా ఎక్కుతుంది. గొలుసుకట్టులో పై చెరువు నిండితే మత్తడి దుంకుతుంది, నీళ్లు కింది చెరువు చేరతాయి. ఎవరి ఆర్డరూ అక్కర్లేదు. ఓఎస్‌పీఎఫ్ అట్లాంటిది. ప్రతి రూటర్ పక్క రూటర్లతో మాట్లాడి, మ్యాపు తానే గీసుకుని, దగ్గరి దారి తానే లెక్క కడుతుంది. ఆ లెక్క డచ్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా 1959లో అచ్చువేసింది. మన ఆర్‌ఈసీకి (ఇప్పటి వరంగల్ ఎన్‌ఐటీ) నెహ్రూ పునాదిరాయి వేసిందీ ఆ ఏడే. ఎస్‌డీఎన్ ఏమో ఎస్సారెస్పీ (శ్రీరాంసాగర్ ప్రాజెక్టు) కాల్వ. ఏ డిస్ట్రిబ్యూటరీకి ఏ వారం నీళ్లు వదలాలో ఒకచోట తేలుస్తారు, గేటు కాడి మనిషి తిప్పుతాడంతే. స్విచ్చు సొంతంగా దారి వెతకదు, కంట్రోలర్ తన ఫ్లో టేబుల్లో రాసిన రూల్‌ను పాటిస్తుంది.

విచిత్రమేమంటే, 2008లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు ఓపెన్‌ఫ్లో (కంట్రోలర్, స్విచ్చు మాట్లాడుకునే భాష) ప్రతిపాదించింది క్యాంపస్ నెట్‌వర్కుల కోసమే. పరిశోధకులు తమ ప్రయోగాలను అసలు ట్రాఫిక్ మీద నడుపుకోవాలన్నది ఉద్దేశం. తీరా అది బాగా పండింది డేటా సెంటర్లలో. 2013లో గూగుల్ తన డేటా సెంటర్లను కలిపే బీ4 నెట్‌వర్క్ వివరాలు ఒక పేపర్లో బయటపెట్టింది. మామూలుగా దూరపు ఊళ్లను కలిపే వైడ్ ఏరియా లింకుల్ని 30, 40 శాతం దాకా వాడి మిగతాది జాగ్రత్త కోసం ఖాళీగా ఉంచుతారు. గూగుల్ తన లింకుల్ని సగటున 70 శాతం దాకా నింపగలిగింది. ఎందుకంటే రెండు చివరలా కంప్యూటర్లు వాళ్లవే. ఏ డేటా కాపీ ఇప్పుడే వెళ్లాలో, ఏది రాత్రికి ఆగగలదో వాళ్లకు తెలుసు. కాలేజీలో ఆ వీలేదీ? హాస్టల్ పిల్లవాడు ఐపీఎల్ చూస్తుంటే రాత్రికి ఆగమనగలమా?

ఆ పేపర్లో నాకు బాగా నచ్చిన ముక్క వేరే ఉంది. బీ4లో పాత రూటింగ్‌ను వాళ్లు పారేయలేదు. ఒకచోటి నుంచి దారులు పంచే కొత్త ట్రాఫిక్ ఇంజినీరింగ్ మొండికేస్తే ఒక్క వేటున ఆపి, మామూలు దగ్గరి దారి పద్ధతికి వెనక్కి రావడానికి 'పెద్ద ఎర్ర బటన్' పెట్టుకున్నారు. గూగులే అంత భయపడితే మనమెంత!

మా ల్యాబులో ఆ బటన్ లేదు. కంట్రోలర్‌ను ఒక పాత డెస్క్‌టాప్ మీద నడిపేవాళ్లం. ఒక ఏప్రిల్ మధ్యాహ్నం కరెంటు పోయింది. స్విచ్చులున్న ర్యాక్ యూపీఎస్ నిలబడింది, డెస్క్‌టాప్ యూపీఎస్ బ్యాటరీ చేతులెత్తేసింది. అసలు తమాషా అప్పుడు మొదలైంది. అప్పటికే వీడియో చూస్తున్నవాళ్లకు వస్తూనే ఉంది, కొత్త సైటు తెరిచినవాళ్లకు ఏమీ రావట్లేదు. స్విచ్చులు 'ఫెయిల్ సెక్యూర్'లో ఉన్నాయి: ఉన్న రూల్స్ వాడుకుంటాయి, కొత్త ప్యాకెట్ వస్తే అడగడానికి దిక్కులేక పడేస్తాయి. సగం మంది నెట్ ఉందంటారు, సగం మంది లేదంటారు. కారణం దొరికేసరికి సాయంత్రమైంది. కంట్రోలర్లు మూడు పెట్టుకోవచ్చు కదా అంటారు. 2014లో వచ్చిన ఓనోస్ అనే కంట్రోలర్ సాఫ్ట్‌వేర్ అందుకే పుట్టింది. కానీ మూడింట్లో రెండు ఒకదానితో ఒకటి మాట్లాడుకోగలిగితేనే నిర్ణయం జరుగుతుంది. బ్లాకుల మధ్య ఫైబర్‌ను జేసీబీ తెంపితే ఒంటరిగా మిగిలిన కంట్రోలర్ చేసేదేమీ ఉండదు. ఓఎస్‌పీఎఫ్ అయితే ఏ ముక్కకా ముక్క తనలో తాను నడుస్తూనే ఉంటుంది. (మూడు కంట్రోలర్లనూ ఒకే యూపీఎస్‌కు తగిలించేవాళ్లను చూశాను. అది వేరే కథ.)

అట్లని ఓఎస్‌పీఎఫ్‌ను నెత్తికెత్తుకోను. ఫైబర్ తెగి పోర్టు లైటు ఆరితే అది వెంటనే గుర్తిస్తుంది. మధ్యలో మీడియా కన్వర్టర్ (ఫైబర్‌ను రాగి తీగకు కలిపే డబ్బా) ఉంటే లైటు వెలుగుతూనే ఉండొచ్చు. అప్పుడు అవతలివాడు చనిపోయాడని తేల్చుకోవడానికి మామూలు సెట్టింగులో 40 సెకన్లు ఆగుతుంది. ఆన్‌లైన్ పరీక్షలో 40 సెకన్లంటే పిల్లలు లేచి నిలబడతారు. పైగా పరీక్ష రోజు ఒక్క బ్లాకుకు పరీక్ష సర్వర్ తప్ప ఇంకేదీ అందకూడదంటే స్విచ్చు స్విచ్చులోకీ వెళ్లి రూల్ కొట్టాలి, సాయంత్రం మళ్లీ తీసేయాలి. ఒకటి మరిచిపోతే సోమవారం ఫోన్లు. కంట్రోలర్ ఉంటే ఒకచోట రాస్తే చాలు. ఈ విషయంలో ఎస్‌డీఎన్‌కే నా ఓటు, సందేహం లేదు.

అయితే అన్ని స్విచ్చులకూ కొత్త రూల్ ఒకే క్షణాన చేరదు. ఆ సందులో ప్యాకెట్ సగం దారి పాత రూల్‌తో, సగం కొత్తదానితో వెళ్లి చక్కర్లు కొట్టొచ్చు. ప్రతి ప్యాకెట్‌కూ వెర్షన్ ముద్ర వేసి, దారంతా ఒకే వెర్షన్ పాటించేలా చేయొచ్చని 2012లో చూపించారు. కానీ మారేంతసేపూ రెండు వెర్షన్ల రూల్సూ స్విచ్చులో ఉండాలి. రూల్స్ దాచే టీక్యామ్ మెమరీ ఖరీదైంది, కరెంటు తాగుతుంది, కొంచెమే ఉంటుంది. భద్రత ఇంకో తలనొప్పి. దొంగ చిరునామాలతో కొత్త కొత్త ప్యాకెట్లు కురిపిస్తే, ప్రతిదానికీ స్విచ్చు కంట్రోలర్‌నే అడుగుతుంది. అది ఊపిరాడక కూలబడుతుంది.

2014లో వచ్చిన పీ4 అనే ప్రోగ్రామింగ్ భాష సంగతి కూడా అడుగుతారు. ప్యాకెట్‌ను ఎట్లా చదవాలో స్విచ్చుకే నేర్పొచ్చు, అందమైన ఆలోచన. కానీ అందుకు పేరుపడ్డ టొఫినో చిప్పుల తర్వాతి తరాలను ఇంటెల్ 2023 జనవరిలో ఆపేసింది. సాఫ్ట్‌వేర్ స్విచ్చు మీద నేర్చుకోండి, క్యాంపస్‌కు కొనమని నేను ఇండెంట్ రాయను.

నలుగురు టెక్నీషియన్లు కూడా లేని కాలేజీకి నా మాట ఇది: బ్లాకుల మధ్య వెన్నెముక ఓఎస్‌పీఎఫ్ మీదే ఉండనివ్వండి. ల్యాబులకూ పరీక్ష హాళ్లకూ చివరి స్విచ్చుల దగ్గర ఓపెన్‌ఫ్లో పెట్టండి. కంట్రోలర్ పోతే మామూలు స్విచ్చుల్లా పనిచేసే 'ఫెయిల్ స్టాండలోన్' సౌకర్యం ఉందో లేదో కొనేముందే అడగండి. కానీ అట్లా మారిన క్షణం నుంచి పరీక్ష హాలు రూల్స్ కూడా ఎగిరిపోతాయి. నెట్ ఉండాలా, కట్టడి ఉండాలా అన్నది తేల్చాల్సింది స్విచ్చు కాదు, ప్రిన్సిపాల్.

"అంటే కంట్రోలర్ పోయిన నిమిషంలో ఏ రూల్ ఉండాలె, ఏది పోవాలె అన్నదే టాపిక్ తీసుకుంట సార్" అన్నది ఆ అమ్మాయి. ఒకే కంప్యూటర్లో ఉత్తుత్తి నెట్‌వర్క్ నడిపే మినీనెట్‌లో మొదలుపెట్టమన్నాను. స్టోర్‌లో ఓపెన్‌ఫ్లో 1.3 ఉన్న పాత స్విచ్చులు రెండు దుమ్ము కొట్టుకుని ఉన్నాయి, వాటికి సంతకం పెట్టిచ్చాను. యూపీఎస్ ఒకటి కావాలని కూడా అడిగింది. వద్దన్నాను, ఈ పనికి అది లేకపోతేనే మంచిది.