పట్టు లేని చేతికి: హుక్కా, కఫ్ఫా?

వేళ్లు బిగుసుకోకపోయినా వీపు, భుజాల కండరాలకు పని పెట్టొచ్చు. బరువు పడే చోటు మార్చాలి, అంతే.

హుక్కు అంటే మణికట్టు పట్టీకి కుట్టిన ఇనుప కొక్కెం. దాన్ని కడ్డీకి తగిలించి లాగుతారు. డెడ్‌లిఫ్ట్‌కీ (నేల మీది బరువును పైకెత్తి నిలబడడం), ల్యాట్ పుల్‌డౌన్‌కీ (తలపైనున్న కడ్డీని కిందికి లాగడం) బాగుంటుంది. బెంచ్ ప్రెస్‌కి (వెల్లకిలా పడుకుని బరువును పైకి నెట్టడం) మాత్రం వద్దే వద్దు, అవసరమైనప్పుడు కడ్డీని చప్పున వదిలించుకోలేరు. పట్టీ జారకుండా ఆపేది అరచేతి వెడల్పే కాబట్టి, అరచేయి లేనివాళ్లకు ఇది నిలవదు.

కఫ్ సంగతి వేరు. చీలమండకు కట్టుకునే రింగు పట్టీనే ముంజేతికి కట్టి, కేబుల్ మెషీన్‌కో రబ్బరు బ్యాండుకో క్లిప్పుతో తగిలించడం. మోచేతి పైదాకా చేయి లేకపోయినా దండకు కట్టి రోయింగ్ (బరువును మన వైపు లాగడం), ఛాతీ ఫ్లై (పక్కకు చాచిన చేతిని ఛాతీ ముందుకు తేవడం) చేయొచ్చు. చిక్కల్లా జారడమే. ముంజేయి కిందికి సన్నబడుతుంది, లాగిన కొద్దీ పట్టీ అటే పోతుంది. లోపల నియోప్రీన్ (మెత్తటి రబ్బరు) తొడుగు వేసుకుని, దాని మీద బిగించండి. విప్పాక ఎరుపు 10–15 నిమిషాల్లో పోకపోతే బిగింపు ఎక్కువైందన్నమాట. స్పర్శ తెలియని చర్మమైతే ప్రతి సెట్ తర్వాతా చూడాలి.

ఇంకోటి: కఫ్ భుజానికి దగ్గరయ్యే కొద్దీ ఫ్లైలో అదే బరువు తేలికవుతుంది. రెండు చేతులకూ ఒకే అంకె పెట్టకండి. ఏ చేతికి ఆ చేయి, 12 సార్లు శుభ్రంగా చేయగలిగే బరువు ఎంచుకోండి.

అరచేయి, మణికట్టు గట్టిగా ఉంటే హుక్కు. మిగతా అందరికీ కఫ్.