స్టార్మ్ కంట్రోలా, వీలానా: బ్రాడ్‌కాస్ట్ గోలకు ఏది మేలు?

ద్వారకానగర్‌లో ఒక కోచింగ్ సెంటర్. మూడు అంతస్తులు, 120 దాకా సిస్టమ్‌లు, అన్నీ ఒకే నెట్‌వర్క్‌లో. ఒక సోమవారం పొద్దున్నే ఫోన్: నెట్ లేదు, ప్రింట్ రావట్లేదు, పక్క సిస్టమ్ కూడా కనబడట్లేదని. వెళ్లి చూస్తే మెయిన్ స్విచ్ మీద లైట్లన్నీ ఒకేసారి టపటపా కొట్టుకుంటున్నాయి. రెండో అంతస్తు ల్యాబ్‌లో బల్ల కింద 8 పోర్టుల చిన్న స్విచ్ ఒకటుంది. ఊడ్చేటప్పుడు ఊడొచ్చిన ప్యాచ్ కార్డ్‌ని ఎవరో, పాపం, రెండు కొసలూ దాంట్లోనే గుచ్చేశారు.

"బ్రాడ్‌కాస్ట్ స్టార్మ్ అండీ" అన్నాను. "తుపానుకీ స్విచ్చికీ ఏటండీ సంబంధం?" అన్నారు ఓనరు గారు.

"ఈ ఐపీ ఎవరిది?" అనే ఏఆర్‌పీ, "నాకో ఐపీ ఇవ్వండి" అనే డీహెచ్‌సీపీ, రెండూ అందరికీ వినబడేలా కేకేస్తాయి, బ్రాడ్‌కాస్ట్ అంటే అదే. స్విచ్ ఆ కేకని వచ్చిన పోర్టు తప్ప మిగతా పోర్టులన్నిటికీ పంపుతుంది. ఐపీ ప్యాకెట్‌కి టీటీఎల్ అని ఒక ఆయుష్షు ఉంటుంది. ఈథర్‌నెట్ ఫ్రేముకి అదీ లేదు. కేబుల్ లూప్ పడిందంటే ఒక్క కేకే ఆగకుండా తిరుగుతుంటుంది, స్టార్మ్ అనేది దాన్నే.

దీనికి స్టార్మ్ కంట్రోల్ చవకైన మందు. ఉన్న స్విచ్ మేనేజ్డ్ (సెట్టింగులు మార్చుకోగలిగే రకం) అయితే చాలు, ఒక్కో పోర్టుకి సెకనుకి ఇంత బ్రాడ్‌కాస్ట్ అని హద్దు పెట్టి, మించింది పారేయమంటాం. చిక్కంతా ఆ హద్దు దగ్గరే. నేను మొదట 1 శాతం పెట్టి గట్టిగా బిగించాననుకున్నాను. లెక్కేస్తే గిగాబిట్ పోర్టులో 1 శాతం అంటే 10 మెగాబిట్లు. 64 బైట్ల ఫ్రేములైతే సెకనుకి 14,880. అన్నీ ప్రతి సిస్టమ్ నెత్తినా పడేవే! అందుకే స్విచ్ ఒప్పుకుంటే శాతం మానేసి ప్యాకెట్ల లెక్కలో పెట్టండి.

అలాగని మరీ బిగించినా తంటానే. అంతస్తు నుంచి మెయిన్ స్విచ్‌కి వచ్చే అప్‌లింక్ మీద ఒకసారి సెకనుకి 50 ప్యాకెట్లు పెట్టాను. కరెంటు పోయి వచ్చింది, 40 సిస్టమ్‌లు ఒక్కసారే లేచాయి, సగానికి 169.254తో మొదలయ్యే అడ్రసులే వచ్చాయి, అంటే డీహెచ్‌సీపీ ఐపీ అందక సిస్టమ్ తనకు తానే పెట్టుకున్నవి. స్టార్మ్ కంట్రోల్‌కి మంచి కేక, చెడ్డ కేక తేడా తెలీదు మరి. ఇప్పుడు అక్కడ 500, మామూలు పోర్టుకి 100. హద్దు దాటితే పోర్టునే మూసేసే ఆప్షన్ కూడా ఉంటుంది. సైటులో తెలిసిన మనిషి లేకపోతే దాని జోలికి పోకండి, ప్రతిసారీ మీరే పరిగెత్తాలి.

వీలాన్ దారి వేరు, అది ఒకే స్విచ్ మీద నెట్‌వర్క్‌ని వేరువేరు భాగాలుగా విడగొట్టడం. ల్యాబ్ ఒకటి, ఆఫీసు ఒకటి, కెమెరాలు ఒకటి అని విడగొడితే ల్యాబ్ కేక ల్యాబ్ దాటదు. ఖర్చు మాత్రం ఉంది: ఒక వీలాన్ నుంచి ఇంకోదానికి దారి చూపడానికి లేయర్ 3 స్విచ్చో రౌటరో కావాలి, డీహెచ్‌సీపీ సర్వర్ వేరే వీలాన్‌లో ఉంటే కేకని దానికి అందించే రిలే పెట్టాలి. సిస్కోలో ఆ రిలే కోసం హెల్పర్ అడ్రస్ అనేది పెడితే డీహెచ్‌సీపీతో పాటు డీఎన్‌ఎస్, టీఎఫ్‌టీపీ, నెట్‌బయాస్ లాంటి వాటి బ్రాడ్‌కాస్ట్‌లు కూడా వెళ్లిపోతాయి, అక్కర్లేనివి ఆపుకోవాలి. పైగా వీలాన్ గోలకి గోడ కడుతుందే గానీ గోలని తగ్గించదు. లూప్ పడితే ల్యాబ్ ఎలాగూ పడుకుంటుంది, అప్‌లింక్ కూడా నిండిపోతే పక్క వీలాన్‌లకీ దెబ్బే.

డైరెక్టెడ్ బ్రాడ్‌కాస్ట్ (వేరే నెట్‌వర్క్‌లో అందరికీ వినబడేలా బయటి నుంచి పంపే కేక) గురించీ అడుగుతుంటారు, ఆఫీసులో కూర్చుని ఆఫ్‌లో ఉన్న ల్యాబ్ సిస్టమ్‌లని వేక్ ఆన్ లాన్‌తో లేపడానికి. ఈ కేకనే వాడుకుని ఒకరి మీద జవాబుల వరద కురిపించే స్మర్ఫ్ దాడుల పుణ్యమా అని 1999 నుంచీ రౌటర్లలో ఇది ఆఫ్‌లో ఉండాలన్నదే రూలు. తప్పదనుకుంటే ఆ ఒక్క వీలాన్‌కే ఆన్ చేసి, పంపే మిషన్ ఐపీని మాత్రమే ఏసీఎల్‌లో (ఎవరిని రానివ్వాలో చెప్పే జాబితాలో) అనుమతించండి.

నన్నడిగితే 30, 40 సిస్టమ్‌ల ఆఫీసుకి స్టార్మ్ కంట్రోల్, దాంతోపాటు బీపీడీయూ గార్డ్ చాలు. బీపీడీయూ అంటే లూప్ కనిపెట్టడానికి స్విచ్‌లు పంపుకునే సందేశం, రాకూడని పోర్టులో అది కనబడితే గార్డ్ అడ్డుకుంటుంది. బల్ల కింద లూప్‌ని చాలాసార్లు ముందు పట్టేది ఆ గార్డే, కాకపోతే కొన్ని చవక స్విచ్‌లు బీపీడీయూలని మింగేస్తాయి. వంద దాటితే వీలాన్ తప్పదు, అప్పుడూ స్టార్మ్ కంట్రోల్ తీసేయకూడదు. ద్వారకానగర్‌లో రెండూ పెట్టాం. పెట్టిన రోజు సాయంత్రమే ఓనరు గారి ఫోన్: "ల్యాబ్ నుంచి ఆఫీసు ప్రింటర్ కనబడట్లేదండీ." కనబడదు మరి. ప్రింటర్‌కి ఫిక్స్‌డ్ ఐపీ ఇచ్చి, ల్యాబ్ సిస్టమ్‌లలో ఆ ఐపీతోనే యాడ్ చేసి వచ్చాను.