ఇంటికొచ్చే లాక్టేషన్ కన్సల్టెంట్: ఫీజుకు తగ్గ సేవేనా?

లాక్టేషన్ కన్సల్టెంట్ అంటే బిడ్డకు పాలివ్వడంలో తల్లికి సాయపడే నిపుణురాలు. పచ్చి బాలింతకు ఇది నిజంగా పనికొచ్చే సేవ. కాకపోతే బిడ్డ పాలు తాగడాన్ని కన్సల్టెంట్ మొదటి నుంచి చివరిదాకా పక్కనే కూర్చుని చూడాలి. ఫోన్లో నాలుగు మాటలు చెప్పి సరిపెడితే డబ్బు దండగే.

పాలిచ్చేటప్పుడు వచ్చే నొప్పికి ఎక్కువసార్లు కారణం, బిడ్డ చనుమొన కొసను మాత్రమే పట్టడం. తాగి వదిలాక మొన ఏటవాలుగా నొక్కుకుపోయి ఉంటే అదే గుర్తు. మంచి కన్సల్టెంట్ బిడ్డ ముక్కును చనుమొనకు ఎదురుగా ఉంచి, నోరు బాగా తెరిచేదాకా ఆగి, గడ్డం రొమ్ముకు ఆనేలా దగ్గరికి తీసుకోవడం నేర్పుతుంది. పట్టు సరిగా లేకపోతే లాగకూడదు. నోటి మూలలో శుభ్రమైన చిటికెన వేలు పెట్టి విడిపించి, మళ్లీ పట్టించాలి. చాలామంది ఈ ఒక్కటీ చూపించరు, పుండ్లు పడేది అక్కడే.

ఎన్ని పాలు తాగిందో తెలిసేలా, తాగకముందు, తాగాక బిడ్డను అవే బట్టలతో 2 గ్రాముల తేడా కూడా చూపే తూకంపై తూస్తే ఇంకా మేలు. ఐదో రోజు దాటాక రోజుకు కనీసం 6 తడి డైపర్లు, బరువు పెరుగుదల ఉంటే, ఎవరేమన్నా డబ్బా పాలకు తొందరపడక్కర్లేదు.

నిపుల్ షీల్డ్ (చనుమొనపై పెట్టుకునే పల్చటి సిలికాన్ తొడుగు) చేతిలో పెట్టి, ఎప్పుడు మానాలో చెప్పకుండా వెళ్లేవారిని మళ్లీ పిలవకండి. ఐబీసీఎల్‌సీ (లాక్టేషన్ కన్సల్టెంట్లకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు) సర్టిఫికెట్ అడగండి. రొమ్ము ఎర్రబడి జ్వరం వస్తే మాత్రం డాక్టర్ దగ్గరికే వెళ్లాలి, పాలివ్వడం ఆపకుండా.