జన్యు మార్పుల నమోదు: జన్యువుకొక డేటాబేసా, అన్నిటికీ ఒకటా? ఏది మేలు?

కోనసీమలో మేనరికాలు ఇప్పటికీ జరుగుతూనే ఉన్నాయి. అలాంటి ఇంట్లో పసిబిడ్డకు రక్తహీనత ఎంతకూ తగ్గకపోతే అమలాపురం డాక్టరు రక్త నమూనాను హైదరాబాదు ల్యాబుకు పంపిస్తారు. అక్కడ బయటపడిన జన్యు మార్పు జబ్బుకు కారణమా, కాదా అని తేల్చడం, అదే మార్పును అంతకుముందు చూసినవారు దాన్ని అందరికీ దొరికే చోట నమోదు చేశారా లేదా అన్నదానిమీద చాలావరకు ఆధారపడి ఉంటుంది.

ఒక పద్ధతి, జన్యువుకొక డేటాబేస్. హిమోగ్లోబిన్ జన్యువులకు హెచ్‌బీవార్ అలాంటిదే. ఆ జన్యువుతోనే ఏళ్ల తరబడి పనిచేసినవారు ప్రతి నమోదునూ సరిచూస్తారు కాబట్టి నమ్మకం ఎక్కువ. అయితే నిర్వహించేవారు తప్పుకున్నా, నిధులు ఆగినా అది పాతబడిపోతుంది.

రెండవ పద్ధతి, అన్ని జన్యువులకూ ఒకే డేటాబేస్. అమెరికా ప్రభుత్వ సంస్థ నడిపే క్లిన్‌వార్ 2013 నుంచి ఉచితంగా అందుబాటులో ఉంది. ఒకే మార్పుపై రెండు ల్యాబులు వేర్వేరు నిర్ణయాలకు వస్తే, ఆ భేదాన్ని దాచకుండా ఎవరు ఏమన్నారో చూపిస్తుంది. ఇది నాకు దాని గొప్ప గుణంగా తోస్తుంది. బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో రూపొందిన హెచ్‌జీఎండీ అనే డేటాబేస్ కూడా అన్ని జన్యువులదే కాని, దాని తాజా సమాచారానికి చందా కట్టాలి.

అన్నీ ఒకచోట చేర్చడం అనుకున్నంత తేలిక కాదు. రంపచోడవరం మన్యంలో కనిపించే సికిల్ సెల్ రక్తహీనతకు కారణమయ్యే మార్పునే చూడండి. హిమోగ్లోబిన్‌లో భాగమైన బీటా గ్లోబిన్ ప్రొటీన్‌లో గ్లుటామిక్ ఆమ్లం అనే అమైనో ఆమ్లం పోయి వాలీన్ అనే మరొకటి చేరే ఈ చోటును పాత పరిశోధన పత్రాలు 6వ స్థానమని రాశాయి. ప్రొటీన్ తయారయ్యేటప్పుడు ఊడిపోయే మొదటి అమైనో ఆమ్లం మెథియోనిన్‌ను కూడా లెక్కలోకి తీసుకునే, జన్యు మార్పులను రాసే ఇప్పటి అంతర్జాతీయ పద్ధతి హెచ్‌జీవీఎస్ నియమం దాన్నే 7వ స్థానం అంటుంది. సంగతి ఎరిగినవారు సరిచూడకపోతే ఒక్క మార్పే రెండుగా నమోదవుతుంది.

అయినా రెంటిలో ఒకటే ఎంచుకోమంటే నేను ఉమ్మడి డేటాబేసునే కోరుకుంటాను. ఏ జన్యువు వివరం ఎక్కడుందో వెతుక్కునే తీరిక జిల్లా ఆసుపత్రి డాక్టరుకు ఉండదు. సరిచూసే బాధ్యతను మాత్రం జన్యువుల వారీ నిపుణులకే అప్పగించాలి.

మన కుటుంబాల వివరాలు అందులో చేర్చేటప్పుడు మరింత జాగ్రత్త కావాలి. మార్పు అరుదైనదై, ఊరు చిన్నదైతే, పేరు రాయకపోయినా ఏ ఇంటివారో తెలిసిపోతుంది. ఆ ఇంటి పిల్లల పెళ్లి సంబంధాలకు అది అడ్డు పడుతుంది. అందుచేత ఊరు, కులం నమోదు చేయకూడదు. సమ్మతి పత్రాన్ని తెలుగులో చదివి వినిపించి, వారు ఒప్పుకున్నాకే సంతకం తీసుకోవాలి.